బాప్తిస్మం తీసుకోకుండా పోయిన నాన్న ఎక్కడున్నాడు?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది ప్రకాశం జిల్లా. అమ్మ వాళ్లది తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. నాన్న మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు. “పిల్లల ఎస్సీ సర్టిఫికెట్లకు ఇబ్బంది వస్తుంది, వాళ్ల చదువులు అయ్యాక చూద్దాం” అనేవాడు. ప్రతి ఆదివారం నడవలేని ముసలివాళ్లను తన ఆటోలో చర్చి దగ్గర దింపి, తాను బయట వేపచెట్టు కింద కూర్చుని వాక్యం వినేవాడు. నా బీఈడీ, తమ్ముడి ఇంజనీరింగ్ అయ్యేసరికి నాన్నకు కేన్సర్ బయటపడింది. మంచాన పడ్డాక రోజూ ప్రార్థన చేయించుకునేవాడు. “యేసయ్యా, నా పిల్లలు” అంటూ కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. నీళ్లలోకి దింపే పరిస్థితి లేకపోయింది. ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆదరణ కూడికలో మా పాస్టర్ గారు “బాప్తిస్మం లేకుండా పోయినవాడికి అగ్నిగుండమే, ఈ కుటుంబాన్ని చూసి బుద్ధి తెచ్చుకోండి” అని మైకులో అన్నారు. నిద్ర పట్టడం లేదు. నా చదువు కోసమే నాన్న నరకానికి వెళ్లాడా? మా మేనత్త ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఇంటి కోడలు. వాళ్లు చనిపోయినవాళ్లను స్మరించుకునే నవంబరు 2న నాన్న పేరున పూజ పెట్టిద్దామంటోంది, అమ్మ వద్దంటోంది. నా ఎనిమిదేళ్ల కొడుకు “తాతయ్య నిప్పుల్లో ఉన్నాడా?” అని అడిగాడు. వాడికి ఏం చెప్పను?

— ఒక సోదరి

జవాబు: అమ్మా, వందనాలు. మీ నాన్నగారు ఎక్కడున్నారో నాకు తెలియదు. మీ పాస్టర్ గారికీ తెలియదు. ఈ మాట మిమ్మల్ని ఊరడించడానికి అనడం లేదు. తీర్పు గురించి సంఘం నమ్మేదే అది. తండ్రి తీర్పు తీర్చే అధికారమంతా కుమారుడికి అప్పగించాడని యోహాను సువార్త అయిదో అధ్యాయం చెబుతుంది. ప్రభువు వచ్చేదాకా, సమయం రాకముందు దేని గురించీ తీర్పు తీర్చవద్దని పౌలు కొరింథు సంఘానికి రాశాడు (మొదటి పత్రిక, 4:5). చీకటిలో ఉన్న రహస్యాలనూ హృదయాల్లోని ఆలోచనలనూ వెలుగులోకి తెచ్చేది ఆయనేనట. మీ నాన్నగారి హృదయంలో ఏముందో చూడగలవాడు ఆ కూడికలో మైకు పట్టుకోలేదు.

పాస్టర్ గారు నరకం గురించి బోధించడం తప్పని నేననను. అది బోధించకపోతే బైబిల్లో చాలా పేజీలు చించేయాలి. కానీ నరకం ఉందని చెప్పడం వేరు, ఫలానా ఆటో డ్రైవర్ అందులో ఉన్నాడని చెప్పడం వేరు. మొదటిది బోధ. రెండోది ఇంకొకరి కుర్చీలో కూర్చోవడం. అదీ తండ్రి పోయి ఏడుస్తున్న పిల్లల ముందు!

అసలు ఆయన చెప్పింది ఆయన సంఘం నమ్మకానికే ఎదురు వెళ్తోంది. బాప్టిస్టులు బాప్తిస్మం మనిషిని రక్షిస్తుందని నమ్మరు. విశ్వాసం వల్ల రక్షణ కలిగిందనీ, దానికి అందరి ముందూ ఇచ్చే సాక్ష్యమే బాప్తిస్మమనీ నమ్ముతారు. పసిపిల్లలకు ఇవ్వకపోవడం కూడా అందుకే. రక్షణకు అది తప్పనిసరైతే తమ పసిబిడ్డలను అన్నేళ్లు అలా వదిలేసే తల్లిదండ్రులు ఉంటారా?

మీది ప్రకాశం జిల్లా కాబట్టి మీ సంఘ చరిత్రలోది ఒకటి గుర్తు చేస్తాను. 1876-78 నాటి కరువు గురించి మీ పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. వేలమంది వచ్చారు. పొద్దంతా మట్టి తవ్వి, విరామంలో బోధకుల చుట్టూ చేరి వాక్యం విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు సాయం ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగి, అలసిపోతే వంతులు మారుతూ సాయంత్రం దాకా ఇచ్చారు. ఆ సంఖ్య మీ పాస్టర్ గారికి నిద్రలో లేపినా చెప్పగలిగేంత కంఠతా ఉంటుంది.

ఆయన్ని అడగాల్సింది ఆ 2,222 గురించి కాదు, ఆపేసిన ఆ ఏడాది గురించి. కరువుకు తోడు కలరా వచ్చి జనం రాలిపోతున్న రోజులవి. నమ్మి, బాప్తిస్మం అడిగి, అది అందకుండానే కన్ను మూసినవాళ్లు వాళ్లలో ఉండే ఉంటారు. వాళ్లంతా అగ్నిగుండంలోకి పోతారని అనుకుని ఉంటే ఏ మిషనరీ అయినా అన్నాళ్లు ఆపగలిగేవాడా? బాప్తిస్మం ఆగినా దేవుని కృప ఆగదన్న నమ్మకం లేకుండా తీసుకునే నిర్ణయం కాదది. మీ జిల్లాలో బాప్టిస్టు సంఘం అంత పెద్దదైంది ఆ నిర్ణయం తర్వాతే.

మిగతా సంఘాలు బాప్తిస్మానికి ఇంకా ఎక్కువ బరువు ఇస్తాయి. అయినా ఈ విషయంలో తలుపు మూయలేదు. బాప్తిస్మం అందకపోవడం మనిషిని నాశనం చేయదు, దాన్ని తృణీకరించడమే చేస్తుందని లూథరన్లు బోధిస్తారు. బాప్తిస్మం కోరుకుని అది అందకముందే చనిపోయినవాడికి ఆ కోరికే బాప్తిస్మంగా లెక్కకు వస్తుందని కతోలికులంటారు. సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగను ఏ నదికీ తీసుకెళ్లలేదన్నది చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

అమ్మా, ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి, లేకపోతే నా జవాబు ముఖస్తుతి అవుతుంది. “మీ నాన్న మంచివాడు, ముసలివాళ్లను మోసుకొచ్చాడు, కాబట్టి పరలోకంలోనే ఉంటాడు” అని చాలామంది మీతో అని ఉంటారు. క్రైస్తవ విశ్వాసం అలా లెక్క కట్టదు. మంచి పనుల మూట చూపించి లోపలికి పోయే దారి అందులో లేదు. తన ద్వారా తప్ప ఎవరూ తండ్రి దగ్గరికి రారని యేసు అన్నాడు. మనుషులు ఒక్కసారే చనిపోతారు, ఆ తర్వాత తీర్పు అని హెబ్రీ పత్రిక అంటుంది. చనిపోయాక మారుమనస్సుకు ఇంకో అవకాశం ఉంటుందని ప్రధాన సంఘాలేవీ బోధించవు. కాబట్టి మీ నిరీక్షణను ఆటో మీద పెట్టకండి. ఆయన మంచం మీద పిలిచిన పేరు మీద పెట్టండి. ప్రభువు నామాన్ని బట్టి ప్రార్థన చేసే ప్రతివాడూ రక్షణ పొందుతాడని రోమా పత్రిక పదో అధ్యాయంలో ఉంది. ఆ వచనం పక్కన షరతులేమీ రాసి లేవు.

అయితే ఆ వేపచెట్టు కింద ఆదివారాలు వృథా పోయాయని కూడా కాదు. మత్తయి 25వ అధ్యాయంలో యేసు చెప్పిన తీర్పు దినాన్ని ఒకసారి నిదానంగా చదవండి. కుడివైపు నిలబెట్టినవాళ్లు “ప్రభువా, నిన్ను ఎప్పుడు ఆకలితో చూశాం?” అని అడుగుతారు. ఎడమవైపువాళ్లూ అదే అడుగుతారు. ఇద్దరూ ఆశ్చర్యపోతారు! తమ సంగతి తమకే తెలియని రోజు అది. అక్కడ చెప్పిన “మిక్కిలి అల్పులు” అందరు పేదలా, యేసు శిష్యులా అన్న దాని మీద పండితుల్లో వాదన ఉంది. కానీ మీ నాన్నగారు మోసుకొచ్చినవాళ్లు రెండు లెక్కల్లోకీ వస్తారు కదా.

ఇక “ఇప్పుడు నాన్న ఎక్కడ?” అనే మాట. మన కూడికల్లో చావునూ తీర్పునూ ఒకే రోజున జరిగేవాటిలా చెప్పేస్తారు. సంఘం వరస అది కాదు. చనిపోగానే దేహం మట్టిలోకి, ఆత్మ దేవుని ఎదుటికి వెళ్తాయి. క్రీస్తులో ఉన్నవాళ్లు క్రీస్తుతో ఉంటారని పౌలు ఫిలిప్పీ పత్రికలో రాశాడు. ఇది మధ్యకాలం. క్రీస్తు రెండవ రాకడలో సమాధుల్లో ఉన్నవాళ్లంతా, మంచివాళ్లూ చెడ్డవాళ్లూ కూడా, దేహాలతో లేస్తారు. తర్వాత ధవళమైన మహా సింహాసనం, గ్రంథాలు విప్పడం, జీవగ్రంథం. జీవగ్రంథంలో పేరు లేనివాళ్లను అగ్నిగుండంలో వేయడం ప్రకటన 20వ అధ్యాయంలో ఆ తీర్పు తర్వాతే వస్తుంది. మీ పాస్టర్ గారు తమ గ్రంథంలోనే ఇంకా రాని పేజీకి దూకారు. క్రీ.శ. 381 నుంచి సంఘం చెప్పుకొనే విశ్వాస ప్రమాణంలో కూడా సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన మహిమతో మళ్లీ వస్తాడనే ఉంది.

మధ్యకాలం గురించి మాత్రం సంఘాల మధ్య ఒకే మాట లేదు. అడ్వెంటిస్టులు చనిపోయినవాళ్లు పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారని, వాళ్లకు ఏమీ తెలియదని నమ్ముతారు. కతోలికులు చావు క్షణంలోనే ప్రతి ఆత్మకూ విడిగా ఒక తీర్పు ఉంటుందనీ, చివర్లో అందరికీ కలిపి ఇంకో తీర్పు ఉంటుందనీ నమ్ముతారు. వాళ్ల ప్రకారం ఆ మొదటి తీర్పు మీ నాన్నగారికి అయిపోయినట్టే. కానీ అదీ దేవుడికీ ఆయనకూ మధ్య జరిగింది. మనకు నోటీసు రాదు. ఫలానావాళ్లు పరలోకంలో ఉన్నారని కతోలిక సంఘం పునీతుల పేర్లు ప్రకటిస్తుంది కానీ, ఫలానావాడు నరకంలో ఉన్నాడని ఈనాటిదాకా ఒక్కరి పేరూ ప్రకటించలేదు. యూదా ఇస్కరియోతు పేరు కూడా.

ఈ విషయంలో పోపులే తడబడ్డారు. ఇరవై రెండో జాన్ పోపు 1331లో పునీతుల ఆత్మలు కూడా తీర్పు దినం దాకా దేవుణ్ణి ముఖాముఖిగా చూడవని ప్రసంగించాడు. పెద్ద గొడవైంది. పారిస్ పండితులు లేచారు. చివరికి 1334 డిసెంబరులో, చనిపోయే ముందురోజు, మంచం మీద ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయన తర్వాత వచ్చిన పన్నెండో బెనెడిక్ట్ 1336లో శుద్ధి పూర్తయిన ఆత్మలు ఆలస్యం లేకుండా దేవుణ్ణి చూస్తాయని అధికారికంగా ప్రకటించాడు. పోపుకే మాట మార్చుకోవాల్సి వచ్చిన చోట, మనం కాస్త గొంతు తగ్గించి మాట్లాడితే నష్టమేమీ లేదు.

ఇక మిమ్మల్ని నిద్రపోనివ్వని మాట, సర్టిఫికెట్. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా హిందువులను తప్ప మిగతావాళ్లను ఎస్సీలుగా లెక్కించలేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో మతం మారిన దళితులను బీసీ-సీలో పెట్టారు. పల్లెల్లో ఇది తెలియని ఇల్లు లేదు. చర్చి బయట చెట్టు కింద కూర్చున్నవాళ్లూ మీ నాన్నగారొక్కరే కారు. ఆ చట్టం న్యాయమా కాదా, మీ నాన్నగారు చేసింది సబబా కాదా అన్నది వేరే చర్చ. మీ పాస్టర్ గారు అడిగితే మనుషుల ముందు నన్ను ఎరుగనన్నవాణ్ణి నేనూ ఎరుగనంటానన్న యేసు మాట చూపిస్తారు. అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. అయితే అరిమతయియ యోసేపును కూడా చూడమనండి. యూదులకు భయపడి రహస్యంగా శిష్యుడిగా ఉన్నాడని యోహాను సువార్త దాచకుండా రాసింది. శిష్యులు చెల్లాచెదురైన రోజున పిలాతు దగ్గరికి వెళ్లి దేహాన్ని అడిగింది ఆ రహస్య శిష్యుడే. పేతురు మూడుసార్లు ఎరుగనన్నాడు. అతన్నీ ప్రభువు వదల్లేదు.

నిర్ణయం మీ నాన్నగారిది. బడికి వెళ్లే వయసు పిల్ల తండ్రి చేత అది చేయించలేదు. ఆయన భయపడి ఉంటే ఆ భయానికి లెక్క ఆయనా ప్రభువూ చూసుకుంటారు. మీ బీఈడీని పాపాల పట్టీలో రాసుకోకండి. ఉద్యోగం చేస్తుంటే చేయండి.

మీ మేనత్త సంగతి. అన్నో తమ్ముడో పోయిన దుఃఖం ఆమెది కూడా, అది మరిచిపోవద్దు. కృపలో చనిపోయినా ఇంకా శుద్ధి కావాల్సిన ఆత్మలు ఉత్తరించు స్థలంలో ఉంటాయనీ, బ్రతికున్నవాళ్ల ప్రార్థనలూ దివ్యపూజా వాళ్లకు సాయపడతాయనీ కతోలికుల నమ్మకం. రెండో మక్కబీయుల గ్రంథంలో యూదా మక్కబీ యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం డబ్బు పోగుచేసి యెరూషలేముకు బలి అర్పించమని పంపడం ఒక ఆధారం. ఆ గ్రంథం మన బైబిల్లో లేదు. 1563లో కతోలికుల ట్రెంట్ సభ ఆ నమ్మకాన్ని ఖాయం చేస్తూనే, దాని పేరుతో డబ్బు దండుకోవడాన్నీ మూఢనమ్మకాలనూ ఆపమని బిషప్పులకు చెప్పింది. అంతకు ముందు లూథర్ కాలంలో పాపక్షమ పత్రాలు అమ్మిన గొడవ నుంచి నేర్చుకున్న పాఠమది.

ఇంకోటి గమనించారా? మీ మేనత్త పూజ పెట్టిద్దామంటోందంటే, తన తోబుట్టువు నరకంలో లేడని నమ్ముతోందన్నమాట. నరకంలో ఉన్నవాళ్ల కోసం కతోలికులు పూజ పెట్టించరు. మీ పాస్టర్ గారి కంటే ఆమె మీ నాన్నగారి మీద ఎక్కువ నిరీక్షణ పెట్టుకుంది!

అయినా మీ నమ్మకం ప్రకారం పూజతో ఆత్మ స్థితి మారదు కాబట్టి, మీరు డబ్బు కట్టి పూజ పెట్టించొద్దు. పెట్టించి అమ్మకు దాచడం అసలే వద్దు. మేనత్త పెట్టించుకుంటే అది ఆమె విశ్వాసం, అడ్డు చెప్పొద్దు. ఆ రోజు ఆమె రమ్మంటే వెళ్లి పక్కన కూర్చోండి. మీ నాన్నగారి జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడానికి ఏ సంఘమూ అభ్యంతరం చెప్పదు. అమ్మకు ముందే చెప్పి వెళ్లండి. సమాధికి సున్నం వేయించి పూలు పెట్టడానికైతే అమ్మ కూడా వస్తుందనుకుంటాను. మన జిల్లాల్లో బాప్టిస్టులూ ఆర్‌సీఎంలూ ఒకే సమాధుల దొడ్డిలో కొవ్వొత్తులు వెలిగించడం కొత్తేమీ కాదు.

అడగలేదు కానీ ఒకటి. ఈ టెన్షన్‌లో యూట్యూబ్‌లో “నరకం చూసి వచ్చాను” వీడియోలు చూస్తుంటే ఈ రోజే మానేయండి. ఎవరెవరు ఏ మంటలో ఉన్నారో పేర్లతో సహా చెప్పేవాళ్లున్నారు. లూకా 16లో చనిపోయి యాతన పడుతున్న ధనవంతుడు, తన అన్నదమ్ములను హెచ్చరించడానికి చనిపోయిన బిచ్చగాడు లాజరును పంపమని అబ్రాహామును బతిమాలతాడు. అబ్రాహాము ఒప్పుకోడు. మోషే, ప్రవక్తలు ఉన్నారు, వాళ్ల మాట వినమంటాడు. అబ్రాహాము పంపనన్న మనిషిని ఈ చానళ్లు రోజుకొకరిని తెస్తున్నాయి. రాకడ, ఏడేళ్ల శ్రమలు, వెయ్యేళ్ల పాలన అని గీతలు గీసిన చార్టులు కూడా గోడకు ఉంటే ఉండనివ్వండి, వాటితో నాన్నను వెతకొద్దు. ఆ చార్టుల వరస చాలామట్టుకు 19వ శతాబ్దంలో డార్బీ అనే బోధకుడి నుంచి, 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు నుంచి వచ్చింది.

బాబు విషయం. పిల్లాడు విన్నది మైకులోంచి కాబట్టి ముందు ఆ భయం తీయాలి. “తాతయ్య నిప్పుల్లో ఉన్నాడని ఎవరూ చెప్పలేరు. ఆ మాట చెప్పే అధికారం యేసయ్యకే ఉంది, ఆయన ఇంకా చెప్పలేదు” అనండి. “తాతయ్య చివర్లో యేసయ్యను పిలిచాడు. పిలిచినవాళ్లను ఆయన వదిలేయడు. అందుకే మనం ధైర్యంగా ఉన్నాం” అనండి. వాడు నిప్పులు నిజంగా ఉంటాయా అని అడిగితే, యేసు నరకాన్ని ఒకచోట మంట అన్నాడు, ఇంకోచోట వెలుపటి చీకటి అన్నాడు, దేవునికి దూరంగా ఉండడం ఎంత భయంకరమో చెప్పడానికి అలా అన్నాడని చాలామంది పెద్దలు అర్థం చేసుకున్నారని చెప్పొచ్చు. ఆ శిక్ష అంతులేకుండా సాగుతుందా, నాశనంతో ముగుస్తుందా అన్నది కూడా విశ్వాసుల్లో చర్చే. ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ అంతటివాడు 1988లో రెండోవైపు మొగ్గాడు. మీ సంఘాలతో సహా ఎక్కువ సంఘాలు మొదటిదే నమ్ముతాయి. ఇదంతా ఎనిమిదేళ్లవాడికి అవసరం లేదు. మీకు తెలిసి ఉంటే మీ గొంతులో వణుకు తగ్గుతుందని రాశాను. వాడిని రాత్రిళ్లు పక్కన పడుకోబెట్టుకోండి. భయం ఎక్కువ రోజులు పోకపోతే, మీకూ నిద్ర ఇలాగే పట్టకపోతే, డాక్టర్ దగ్గరికి వెళ్లడం విశ్వాసం లేకపోవడం కాదు.

పాస్టర్ గారి దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా కాదు, అమ్మతోనో సంఘ పెద్ద ఒకరితోనో వెళ్లండి. గొడవకు కాదు. “మా నాన్న చివరి రోజుల్లో ప్రార్థన చేసింది మీకు తెలుసా అయ్యగారూ?” అని అడగండి. తెలియకపోయి ఉండొచ్చు. తెలిశాక ఆయన ఏమంటారో చూడండి. ఆ మాట అందరి ముందూ అన్నారు కాబట్టి, సరిదిద్దడం కూడా అందరి ముందే జరగాలని మర్యాదగా అడిగే హక్కు మీకుంది. ఆయన ఒప్పుకోకపోతే సంఘ పెద్దల ముందు పెట్టండి. అక్కడా వినకపోతే కొన్నాళ్లు పక్క ఊరి చర్చిలో ఆరాధనకు వెళ్లినా నేను తప్పుపట్టను. ఏం జరిగిందో రాయండి.